పద్దు పుస్తకంలో పాత కారు

క్రిందటి వారం యీ పుటలో అద్దె యిళ్ల గొడవ రాశాను. అది చదివి ఒక సోదరి, "యింటి సంగతి సరే మాస్టారూ, మావారు పాత కారు కొంటానని పట్టుబట్టి కూర్చున్నారు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. పాతది నమ్మదగిందో కాదో తెలిసే దారి ఏదైనా వుంటే రాయండి" అని ఉత్తరం పంపింది.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కార్ల సంగతి ఏం తెలుసునని మీరు అనుకోవచ్చు. నిజమే. సంధులూ సమాసాలూ చెప్పడం నా వృత్తి. పాత కారు తోలడం నా ప్రారబ్ధం. ఎనిమిదేళ్లుగా తోలుతున్నాను. దాని మీద పెట్టిన ప్రతి పైసా పద్దు పుస్తకంలో రాసి వుంచాను. ఆ పుస్తకం నాకు నేర్పినంత పాఠం నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. అందుచేత ఆ సోదరికి జవాబు రాసే అర్హత కొంత వున్నదనే అనుకుంటాను.

ముందు ఒక్క ముక్క. సెడాన్ అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. వెనక డిక్కీ వేరే పెట్టెలాగా పొడుచుకు వచ్చిన కారు. మన తాతల నాటి అంబాసిడరు సెడానే. ఇంగ్లాండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకుని బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర తయారు చెయ్యడం మొదలుపెట్టి, 2014లో ఆపేశారు. పద్మిని కూడా సెడానే. ఫియట్ 1100 వంశంలోది. బొంబాయి వీధుల్లో నలుపూ పసుపూ టాక్సీగా తిరిగి తిరిగి, 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. వెనక సీట్లో నలుగురు యిరుక్కుని, డిక్కీలో పచ్చళ్ల జాడీలూ పరుపు చుట్టా వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లిన రోజులు యీ పుట చదివే పెద్దవారికి గుర్తుండే వుంటాయి. ఆ బళ్లు తరచుగా ఆగేవి. కాని ఆగిన చోటనే, వేపచెట్టు కిందనే, రెండు పానాలతో బాగుపడేవి కూడాను. యీనాటి బళ్లు తక్కువగా ఆగుతాయి. ఆగితే మాత్రం పానాలతో తెమలదు. యీ తేడా మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నా కారు 2009లో తయారైన పెట్రోలు బండి. పేరు చెప్పను. చెబితే అదే బండి వున్నవారిలో సగం మంది నన్ను మెచ్చుకుంటారు, సగం మంది తిడతారు. 2017 నవంబరులో 2,40,000 రూపాయలకు కొన్నాను. అప్పటికి మీటరు మీద 62,000 కిలోమీటర్లు వున్నాయి. అమ్మిన పెద్దమనిషి తెల్లని లాల్చీ వేసుకుని, కారును గుర్రాన్ని నిమిరినట్టు నిమిరి, "కొత్తదానితో సమానం మాస్టారూ, ఒక్క గీత లేదు" అన్నాడు. గీత లేని మాట నిజమే. నేను కూడా గీతల కోసమే వెతికాను. రంగు చూశాను, సీట్లు చూశాను, రేడియో పాడుతున్నదో లేదో చూశాను. పెళ్లిచూపుల్లో పిల్ల జడ కొలిచి వచ్చినవాడిలాగా యింటికి వచ్చాను.

ఆరు నెలలు సుఖంగానే గడిచింది. 2018 మే నెలలో మా అమ్మకు కంటి శుక్లం తీయించడానికి రాజమండ్రి నుంచి విశాఖపట్నం బయలుదేరాము. ఆమెకు అప్పుడు డెబ్బయి రెండేళ్లు. తుని దాటాక, ఎండ మంచి ముమ్మరంలో వుండగా, వేడి చూపే ముల్లు పైకి పోయి కూర్చుంది. చూస్తూ వుండగానే బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్కన ఒక టీ బడ్డీ దగ్గర ఆపేశాను.

బడ్డీ నడిపే ఆవిడ లోపల్నించి నులకమంచం తెచ్చి వేసి, "పెద్దమ్మగారూ, యిలా నీడలోకి రండి, ముందు మంచినీళ్లు తాగండి" అన్నది. నేను తెలివి తక్కువగా రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యబోయాను. పక్క షెడ్డు మెకానిక్కు పరుగెత్తుకు వచ్చి నా చెయ్యి లాగేశాడు. "యిప్పుడు తిప్పారంటే మొహం కాలిపోద్ది మాస్టారూ. లోపల నీళ్లు సలసల మరుగుతున్నాయి" అన్నాడు. ముప్పావుగంట ఆగాక తీస్తే, లోపల నీళ్లు కుంకుడు రసంలాగా తుప్పు రంగులో వున్నాయి. కూలెంటు వుండవలసిన చోట కొళాయి నీళ్లు. రేడియేటరు అడుగున ఎవరో మైనం లాంటి మందు పూసి చిల్లు కప్పిన గుర్తు. మెకానిక్కు ఆ చోటు వేలితో చూపించి, "అమ్మినాయనకు యీ సంగతి తెలుసండి" అన్నాడు.

హెడ్ ప్యాకింగు పోయింది. రేడియేటరు మార్చాలి. మొత్తం 31,000 రూపాయలు. ఆస్పత్రిలో యిచ్చిన వేళ దాటిపోయింది. రెండు వారాల తరువాత రైల్లో తీసుకువెళ్లి శుక్లం తీయించాము. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఎండలో ఆ మంచం మీద చెంగు కప్పుకుని పడుకున్న ఆమెను చూస్తే నాకు మాత్రం, అడగవలసిన ప్రశ్నలు ఒక్కటీ అడగని నా తెలివి మీద అసహ్యం వేసింది.

ఆ రాత్రే పద్దు పుస్తకం మొదలుపెట్టాను. దాని ప్రకారం యీ ఎనిమిదేళ్ల లెక్క యిది. ఏటా సర్వీసుకు రమారమి 7,000 చొప్పున 56,000. బ్యాటరీలు రెండుసార్లు కలిపి 9,700. టైర్లు ఒక జత నాలుగు, 18,000. క్లచ్చి పళ్లాలు 9,500. టైమింగ్ బెల్టూ నీళ్ల పంపూ 8,500. బుష్షులూ షాకబ్జార్వర్లూ 14,000. ఏసీ 12,000. తుని దాటాక జరిగిన సత్కారం 31,000. వెరసి 1,58,700. నేను తిరిగినది 56,000 కిలోమీటర్లు. పెట్రోలు, బీమా కాక, కిలోమీటరుకు 2 రూపాయల 83 పైసలు పడింది. రోడ్డు మీద ఆగిపోయినది మొత్తం మూడుసార్లు. ఒకటి తుని దగ్గర. రెండోది బ్యాటరీ చచ్చి. మూడోది మార్చవలసిన ఫ్యాన్ బెల్టును వచ్చే నెల చూద్దాంలే అని నేను వాయిదా వేసినందుకు. అంటే మూడు తప్పుల్లో ఒకటి అమ్మినవాడిది, ఒకటి కాలానిది, ఒకటి నాది. కారు తప్పు ఏదీ లేదు చూశారా!

నా ఒక్కడి అనుభవం చాలదని మరి ముగ్గుర్ని కదిలించాను.

మా కాలేజీలో కామర్సు చెప్పే మిత్రుడిది పన్నెండేళ్ల డీజిలు సెడాన్. తిరిగింది 30,000 కిలోమీటర్లకు మించదు. ఆదివారం గుడికి తప్ప బయటికి తియ్యడు. ఆరుబయట పెడితే రంగు పోతుందని గుడ్డ కప్పి వుంచుతాడు. ఆ గుడ్డ కింద ఎలుకలు కాపురం పెట్టి తీగలు కొరికేశాయి. బ్యాటరీ నిలవ వుండి చచ్చింది. బ్రేకులు తుప్పు పట్టి పట్టేశాయి. "తక్కువ తిరిగిన బండి" అని ప్రకటనలో చూసి మురిసిపోయేవారు యీ సంగతి గుర్తుంచుకోవాలి. మనిషికి లాగే బండికి కూడా కదలకుండా కూర్చోవడమే ఒక రోగం.

మా వీధి చివర వున్న రిటైరు హెడ్మాస్టరు గారిది యిరవయ్యేళ్లు దాటిన కారు. ఆయన యిప్పటికీ దాన్ని తీసుకుని అన్నవరం వెళ్లి వస్తారు. రహస్యం ఏమిటండీ అంటే నవ్వారు. "రహస్యమేముందయ్యా! యింజనాయిలు 5,000 కిలోమీటర్లకు తప్పకుండా మారుస్తాను. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి. అది గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, పాతబడితే బ్రేకు పట్టదు. టైమింగ్ బెల్టు చూడ్డానికి బాగానే వున్నా, పుస్తకంలో రాసిన గడువు రాగానే తీసేయిస్తాను. చాలా యింజన్లలో అది తెగితే వాల్వులు వంగిపోతాయి. అయిదారు వేలతో పోయేది యాభై వేలవుతుంది" అన్నారు. ఆయన దగ్గర కూడా ఒక పద్దు పుస్తకం వున్నది. నాదానికన్నా దస్తూరీ బాగుంది.

మూడోవాడు హైదరాబాదులో వుద్యోగం చేసే మా మేనల్లుడు. మీటరు మీద 45,000 చూసి కొన్నాడు. ఆ తరువాత తీరిగ్గా పెడల్సు చూస్తే, రబ్బరు అరిగి యినుము కనపడుతోంది. స్టీరింగు నున్నగా మెరుస్తోంది. సర్వీసు కాగితాలు తీయిస్తే మూడేళ్ల నాడే 90,000 దాటిన బండి. మీటరు వెనక్కి తిప్పారన్న మాట. మీటరు అబద్ధమాడినా పెడలు రబ్బరు అబద్ధమాడదు సుమండీ.

కాబట్టి అమ్మా, మీవారితో చెప్పండి. బండి చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే, "మేము వచ్చేదాకా స్టార్టు చెయ్యకండి" అని చెప్పాలి. వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా వుంటే, ఉదయాన్నే మొరాయించే గుణాన్ని ముందే దాచేశారేమోనని అనుమానించాలి. చల్లగా వున్నప్పుడే కూలెంటు డబ్బా చూడాలి. ఆకుపచ్చగానో గులాబీగానో వుండాలి గాని తుప్పు రంగులో వుండకూడదు. యింజనాయిలు మూత తీసి అడుగు చూడాలి. మజ్జిగ మీగడ లాంటిది అంటుకుని వుంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో మెకానిక్కుతో తేల్చుకోవాలి. తరువాత స్టార్టు చేయించి పొగ చూడాలి. నీలి పొగ వస్తే ఆయిలు తాగుతున్నట్టు. నల్ల పొగ వస్తే పెట్రోలు సరిగా కాలనట్టు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ తెరలు తెరలుగా వస్తుంటే లోపల నీళ్లు కాలుతున్నట్టు. ఏసీ వేసి, బజారు రద్దీలో యిరవై నిమిషాలు తోలి, వేడి ముల్లు మీద చూపు వుంచాలి. టైరు పక్కన నాలుగు అంకెలు వుంటాయి. 2319 అని వుంటే 2019లో యిరవై మూడో వారం తయారైనదని అర్థం. గాడులు లోతుగా వున్నా, వయసు మీరితే రబ్బరు పగుళ్లు విడుస్తుంది.

సీట్ల కింది పట్టాల మీద తుప్పు వున్నదా, తివాచీ ఎత్తితే ఒండ్రు మట్టి కనపడుతున్నదా, చెమ్మ వాసన వేస్తున్నదా అన్నవి తప్పక చూడాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్ని బళ్లు నీళ్లలో నానాయో మనం చూశాము. అటువంటి బండిని ఉతికి ఆరేసి, అత్తరు కొట్టి నిలబెడితే, పైకి పెళ్లికొడుకులాగానే వుంటుంది. తీగల్లో పట్టిన చిలుము ఏడాది తరువాత బయటపడుతుంది. యింకొకటి. 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలుకు తగ్గట్టు బళ్లు తయారు చెయ్యడం 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏర్పాటు. అంతకుముందు బళ్లలో పెట్రోలు గొట్టాలు, రబ్బరు వాషర్లు అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిది.

యిక కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు. ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 600 వుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. పధ్నాలుగేళ్ల బండి చవగ్గా వస్తున్నదంటే యీ ఖర్చు కూడా కలుపుకుని లెక్క వెయ్యండి. కొన్నవారు పేరు మార్పించుకోవడం ఎంత ముఖ్యమో, అమ్మినవారు మార్పించడం అంతకన్నా ముఖ్యం. ఫారం 29 మీద, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, ఒకే రాష్ట్రంలో అయితే పద్నాలుగు రోజుల్లో ఆఫీసుకు తెలపాలి. పేరు మారకపోతే, బండి ఎవరి చేతిలో ప్రమాదానికి గురైనా, రికార్డులో వున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

యింతవరకు పరాయి సంగతి. యిప్పుడు నా సంగతి చెబుతాను.

పోయిన నెల నా కారు అమ్మేద్దామనుకున్నాను. మా అమ్మాయి హాస్టలు ఫీజు కట్టే వేళ వచ్చింది. మీటరు 1,18,000 చూపిస్తోంది. బేరగాడు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "లక్షా ముప్పై వేలు వస్తాయి మాస్టారూ" అన్నాడు. నాకు ఒక సందేహం వున్నది. మూడు నెలలుగా కూలెంటు డబ్బాలో మట్టం నెలకు బొటనవేలంత దిగుతోంది. కింద చుక్క పడదు. మా మెకానిక్కు చూసి, "పాత ప్యాకింగే కావచ్చండి. రెండేళ్లు నడవచ్చు, రేపే నస పెట్టవచ్చు. విప్పితే గాని తెలీదు" అన్నాడు. యీ మాట బేరగాడితో అంటే వాడు చెవిలో చెప్పినట్టు, "అది ఎవరడుగుతారండి? చెబితే తొంభై అయిదు వేలకు మించి రావు. పొయ్యండి కాసిని నీళ్లు, తుడవండి, అమ్మెయ్యండి" అన్నాడు. ముప్పై అయిదు వేలు! సరిగ్గా హాస్టలు ఫీజు సగం.

ఆ మర్నాడే మా శాఖలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు యింటికి వచ్చాడు. అతని భార్యకు ఏడో నెల. ఆమె పుట్టిల్లు నర్సీపట్నం వైపు. డాక్టరు రాజమండ్రిలో. అతను బండి చుట్టూ తిరిగాడు. రంగు చూశాడు. సీట్లు చూశాడు. రేడియో పెట్టి చూశాడు. 2017లో నన్ను నేను చూసుకున్నట్టయింది. ఆఖరికి అన్నాడు: "నాకు కార్ల సంగతి ఏమీ తెలియదు మాస్టారూ. మీరు చెబితే చాలు. నమ్మకమైనదేనా?"

కాఫీ తెస్తానని లోపలికి వెళ్లాను. మా ఆవిడ అంతా విన్నది. ఫీజు గడువు కాగితం ఫ్రిజ్జు మీద అంటించి వుంది. ఆవిడ దానివైపు చూసింది, నావైపు చూసింది, ఏమీ అనలేదు. వసారాలో కూర్చుని బియ్యం ఏరుతున్న మా అమ్మ, చేటలోంచి తల ఎత్తకుండానే, "ఒరేయ్, ఆ టీకొట్టావిడ మంచం గుర్తుందా నీకు? పాపం, కొత్త నులక. ఎంత చల్లగా వుందో" అన్నది. అంతే. మళ్లీ బియ్యంలో పడింది.

కాఫీతోపాటు పద్దు పుస్తకం కూడా పట్టుకు వెళ్లి అతని చేతిలో పెట్టాను. "ముందు చివరి పేజీ చదువు నాయనా" అన్నాను. అక్కడ కూలెంటు మట్టం తేదీలతో సహా రాసి వుంది. అతను చదివాడు. వెనక్కి తిప్పి తుని సంగతీ చదివాడు. కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి నుంచుని, "మాస్టారూ, యిప్పుడు కొనలేను. నర్సీపట్నం దారిలో ఆగిపోతే ఆవిడను ఎక్కడ కూర్చోబెట్టను? యీ మూడు నెలలూ ఆటో, బస్సులతోనే గడుపుతాం. విప్పి బాగు చేయించాక ఎంతవుతుందో చెప్పండి. మరొకరికి మాత్రం మాటివ్వకండి" అన్నాడు. వెళుతూ వెళుతూ పుస్తకం అడిగి పట్టుకెళ్లాడు. ఏ వయసుకు బండికి ఏమేమి వస్తాయో నకలు రాసుకుంటాడట.

అతను గేటు దాటగానే మా ఆవిడ, "బేరం పోయినట్టేగా?" అన్నది.

"పోలేదు. వాయిదా పడింది" అన్నాను. ఫీజుకు కాలేజీ సొసైటీలో అప్పు పెట్టాను. హెడ్ విప్పించడానికి వచ్చే నెల జీతం చూసుకోవాలి.

కనుక సోదరీ, పాత కారు నమ్మదగిందా అన్న మీ ప్రశ్నకు నా జవాబు యింతే. బండి వయసు అడగండి, మీటరు చూడండి. అన్నిటికన్నా ముందు, దాన్ని వుంచుకున్నవారు పద్దు రాసి వుంచారా అని అడగండి. పద్దు చూపించినవారి పదిహేనేళ్ల బండి, మాటలు మాత్రమే చెప్పేవారి అయిదేళ్ల బండికన్నా నయం. దానివల్ల ఎంత దూరం అవుతుందో, ఎంత దూరం కాదో తెలిస్తే పాత బండితో పేచీ లేదు.

నా బండి సంగతి నాకు తెలుసును. నర్సీపట్నం వెళ్లలేదు. కాని ఆ కుర్రవాడి యింటినుంచి ఆస్పత్రి అయిదు కిలోమీటర్లే. ఆ మాత్రం దూరానికి దాని పూచీ నాది. నెలలు నిండాక, ఏ అర్ధరాత్రి నొప్పులు వచ్చినా ఆటో కోసం వెతకవద్దని, నాకు ఫోను చెయ్యమని చెప్పాను. రోజూ ఉదయం లేచి కూలెంటు మట్టం చూస్తున్నాను.